మాల్టా, సైప్రస్, క్రీట్, సిసిలీ: స్టీరింగ్ ఎవరు పడతారో తేలాకే టికెట్లు కొనండి

పారిస్, స్విట్జర్లాండ్ చూసేసిన మనవాళ్ల చూపు ఇప్పుడు మధ్యధరా సముద్రం మీద పడింది. ఫోన్‌లో ఎవరో పెట్టిన నీలి గోపురం ఫొటో కనిపిస్తుంది, ఇంట్లో చర్చ మొదలవుతుంది. వారం తిరిగేసరికి నాలుగు ద్వీపాల పేర్లు కాగితం మీద ఉంటాయి, ఏది కొట్టేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. నేనూ అలాంటి కాగితం పెట్టుకుని నెల రోజులు కూర్చున్నవాణ్నే. తర్వాత కొన్నేళ్లలో ఆ నాలుగూ తిరిగాను. నీళ్లు నాలుగు చోట్లా నీలంగానే ఉన్నాయి, పాత రాళ్లకు ఎక్కడా కొదవ లేదు. అసలు తేడా ఎక్కడంటే, రోజుకి ఎంత దూరం తిరగాలి, ఆ తిరగడానికి ఎవరి మీద ఆధారపడాలి అన్న దగ్గర. అందుకే బీచ్ ఫొటోలు కాసేపు పక్కన పెట్టి, ముందు ఇంటి సంగతులు మాట్లాడుకుందాం.

ముందు తేలాల్సినవి

మొదటి ప్రశ్న, కారు ఎవరు నడుపుతారు? మాల్టా, సైప్రస్ రెండూ ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్నవి. ఇప్పటికీ మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. గ్రీసులోని క్రీట్, ఇటలీలోని సిసిలీలో అంతా తిరగబడుతుంది. గేరు మార్చబోయి ఎడమ చెయ్యి డోరుకి కొట్టుకుంటుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది, నిజమే. కానీ ఆ రెండు రోజులూ పక్క సీట్లో ఉన్నవాళ్లకి టెన్షనే. హైదరాబాద్‌లో ఆటోమేటిక్ నడిపేవాళ్లు అక్కడా ఆటోమేటిక్ కావాలని ముందే చెప్పి బుక్ చేసుకోవాలి. లేకపోతే చేతికిచ్చేది మామూలుగా గేర్ల కారే.

కార్డు విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. సిసిలీలోని కటానియా విమానాశ్రయంలో దిగి అద్దె కారు కౌంటర్ ముందు నిలబడ్డాను. బుకింగ్ నా పేరు మీద ఉంది, లైసెన్సు నాది, క్రెడిట్ కార్డు మాత్రం మా ఆవిడది. డిపాజిట్ బ్లాక్ చెయ్యడానికి నడిపే మనిషి పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలన్నారు. నా జేబులో ఉన్నది డెబిట్ కార్డు. గంటన్నర బతిమాలినా పని జరగలేదు, కట్టిన డబ్బూ తిరిగి రాలేదు. బుకింగ్ కాగితంలో ఆ షరతు చిన్న అక్షరాల్లో ఉందని తర్వాత చూశాను. కాబట్టి నడిపేవాళ్ల పేరు మీద క్రెడిట్ కార్డు, మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, ఈ రెండూ పాస్‌పోర్టుతో పాటే సంచిలో పెట్టుకోండి. గ్రీసులో ఆ పర్మిట్ లేకుండా మన లైసెన్సు ఒక్కటే చూపిస్తే కుదరదు.

రెండోది సెలవులు. ఇందులో మన అదృష్టం బాగుంది. యూరప్ జనమంతా ఈ ద్వీపాల మీద పడేది జూలై, ఆగస్టుల్లో. అప్పుడు ఎండ మన మే నెలని గుర్తుచేస్తుంది, గది అద్దెలు చుక్కల్లో ఉంటాయి. మన బడులకి వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారానికి అయిపోతాయి. మే మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా అక్కడ హాయిగా ఉంటుంది. అయితే మే నెలలో సముద్రం ఇంకా చల్లగానే, 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. పిల్లలు దిగుతారు, పెద్దవాళ్లు చీలమండల దాకా తడుపుకుని వెనక్కొస్తారు. ఈత మీద మనసుంటే దసరా సెలవులు మేలు. వేసవంతా కాగిన నీళ్లు అక్టోబరులో కూడా వెచ్చగా ఉంటాయి. సంక్రాంతికి వెళ్తానంటే మాత్రం ఈత మాట మరిచిపోవాలి. క్రీట్‌లో తీరం వెంట ఉన్న హోటళ్లు చాలావరకు నవంబరు నుంచి మార్చి దాకా తాళాలు వేసుకుంటాయి.

మూడోది వీసా. మాల్టా, గ్రీసు, ఇటలీ మూడూ షెంగెన్ దేశాలు. ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి తీసుకుంటారు. ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, అంతకన్నా చిన్నవాళ్లకి ఉచితం. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి మే ప్రయాణానికి సంక్రాంతి ముగ్గులు ఆరకముందే పని మొదలుపెట్టాలి.

సైప్రస్ దగ్గరే తిరకాసు. అది 2004 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఉంది, వాడేది యూరోనే, కానీ షెంగెన్‌కి బయట ఉంటూ వచ్చింది. రెండు లేదా ఎక్కువ ప్రవేశాలున్న షెంగెన్ వీసాని ఒకసారి వాడి ఉంటే దాని మీదే లోపలికి రానిచ్చే పద్ధతి అక్కడ నడుస్తోంది. ఇప్పుడు షెంగెన్‌లో చేరే ప్రయత్నాల్లో ఉంది కాబట్టి బుక్ చేసే ముందు తాజా నియమం చూసుకోండి. ఈలోగా మీ వీసా స్టిక్కర్ మీద ప్రవేశాల గడిలో 1 అని ఉందా, 2 అని ఉందా, మల్టిపుల్ అని ఉందా చూడండి. 1 అని ఉంటే ఏథెన్స్ నుంచి రెండు రోజులు సైప్రస్ చూసొద్దామనే ఆలోచన మానుకోండి. బయటికి వెళ్తే ఆ వీసా అక్కడితో అయిపోయినట్టే.

నాలుగోది మోకాళ్లు. అమ్మానాన్నలని తీసుకెళ్తున్నారా లేదా అన్నదాన్ని బట్టి జాబితా సగం మారిపోతుంది.

| | మాల్టా | సైప్రస్ | క్రీట్ | సిసిలీ |
|---|---|---|---|---|
| విస్తీర్ణం (చ.కి.మీ.) | 316 | 9,251 | సుమారు 8,300 | సుమారు 25,700 |
| సరిపోయే రోజులు | 4–5 | 6–7 | 7–10 | 8–10 |
| కారు లేకుండా | హాయిగా | నగరాల మధ్య సరే | ఉత్తర తీరం వరకు | తూర్పు తీరం బాగా |
| రోడ్డుకి ఏ వైపు | ఎడమ | ఎడమ | కుడి | కుడి |
| ఇసుక బీచ్‌లు | తక్కువ | బాగున్నాయి | అద్భుతం | బాగున్నాయి |
| సంక్రాంతికి | వెళ్లొచ్చు | వెళ్లొచ్చు | వద్దు | నగరాలు చూడ్డానికి సరే |
| ఇంగ్లిష్‌తో నెగ్గుకురావడం | సులువు | సులువు | పర్వాలేదు | ఊళ్లలో కష్టం |

మన దగ్గర నుంచి నేరుగా విమానం దేనికీ లేదు. మాల్టాకీ, సైప్రస్‌లోని లార్నకాకీ గల్ఫ్ మీదుగా ఒక్క మార్పుతో చేరొచ్చు. క్రీట్‌కి ఏథెన్స్‌లో, సిసిలీకి రోమ్‌లోనో మిలాన్‌లోనో సాధారణంగా ఇంకోసారి మారాల్సి వస్తుంది. చంటిపిల్లలుంటే ఈ ఒక్క తేడా కూడా చిన్నదేమీ కాదు.

మాల్టా: బస్సు కార్డుతో పనైపోతుంది

పాత జీహెచ్‌ఎంసీ పరిధిలో సగం ఉంటుంది, అంతే. ఒకేచోట గది తీసుకుని, రోజూ పొద్దున బయల్దేరి సాయంత్రానికి అదే మంచానికి తిరిగి రావొచ్చు. సూట్‌కేసు ఒక్కసారే విప్పుతారు. బస్సులు దాదాపు అన్ని మూలలకీ వెళ్తాయి. నడిపేవాళ్లలో భారతీయులు చాలామంది ఉన్నారు. మా నాన్నగారు వచ్చీరాని హిందీలో మొదలుపెట్టారు, డ్రైవర్ కేరళ అతను, ఇద్దరూ చివరికి ఇంగ్లిష్‌లో కలిశారు. ఇంగ్లిష్ అక్కడ అధికార భాష. ఛార్జర్ ప్లగ్గు బ్రిటన్‌లో వాడే మూడు పలకల పిన్నుల రకం, అడాప్టర్ మరిచిపోకండి. సైప్రస్‌లోనూ అదే.

రాజధాని వలెట్టా మొత్తం కోటే. 1565లో ఓటొమన్ సైన్యం ముట్టడిని తట్టుకున్నాక, మరుసటి ఏడాది ఆ దీవిని ఏలుతున్న నైట్లు అనే క్రైస్తవ యోధులు దీనికి పునాది వేశారు. వీధులు తాడు పట్టి గీసినట్టు నిటారుగా ఉంటాయి, కానీ గుట్ట మీద కట్టడం వల్ల సగం వీధులు మెట్లే. అమ్మానాన్నలుంటే రేవు దగ్గర నుంచి పైన తోటలోకి తీసుకెళ్లే బరాక్కా లిఫ్ట్‌ని గుర్తుపెట్టుకోండి. 58 మీటర్ల ఎత్తు నిమిషంలోపే ఎక్కేస్తుంది. సెయింట్ జాన్ చర్చిలో కరవాజ్జో గీసిన పెద్ద చిత్రం ఉంది, బొమ్మల మీద ఆసక్తి లేనివాళ్లు కూడా దాని ముందు కాసేపు నోరు మూసుకుంటారు. హల్ సఫ్లియేనీ అనే భూగర్భ సమాధుల గుహలోకి రోజుకి 80 మందినే పంపుతారు, ఆరేళ్లలోపు పిల్లలని రానివ్వరు. విమానం టికెట్ కొన్న రోజే దానికీ టికెట్ వెతకండి. పక్క దీవి గోజోకి పడవ 25 నిమిషాలు. అక్కడి జ్గంతీయ రాతి గుళ్లు ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి.

లోటు ఏమిటంటే ఇసుక. గోల్డెన్ బే, మెల్లీహా లాంటివి కొన్ని తప్ప తీరమంతా రాయి. కొమినో దీవి దగ్గరి బ్లూ లగూన్ ఫొటోలో ఎంత బాగుంటుందో, ఆగస్టు మధ్యాహ్నం అంత జాతరలా ఉంటుంది. గోజోలో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతి ద్వారం ఫొటో చూసి వెళ్తున్నారా? అది 2017 మార్చి తుఫానులో కూలిపోయింది. ఇంటర్నెట్‌లో మాత్రం ఇంకా నిలబడే ఉంది.

సైప్రస్: మనలాగే నడపొచ్చు

మొదటిసారి విదేశంలో కారు నడపాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఎడమవైపు రోడ్డు, హైవేలకి టోల్ లేదు, బోర్డులు గ్రీకుతో పాటు ఇంగ్లిష్ లిపిలోనూ ఉంటాయి. అద్దె కార్లకి నంబరు ప్లేటు ఎర్రగా ఉంటుంది, వెనకవాళ్లు మన తడబాటుని కాస్త ఓర్చుకుంటారు.

పాఫోస్‌లో బస చేస్తే రోమన్ కాలపు ఇళ్ల నేలల మీది మొజాయిక్ బొమ్మలు నడక దూరంలోనే. రంగురాళ్ల ముక్కలతో పరిచిన నెమళ్లు, వేటగాళ్లు. ఎండ నెత్తికెక్కకముందే వెళ్లాలి. గంటా గంటన్నర నడిపితే త్రోదోస్ కొండలు వస్తాయి. ఒలింపస్ శిఖరం 1,952 మీటర్లు. జనవరిలో అక్కడ మంచులో జారొచ్చు, అదే వారం లార్నకా ఉప్పు చెరువులో ఫ్లెమింగోలని చూడొచ్చు. సంక్రాంతికి వెళ్లేవాళ్లకి నేను సైప్రస్ చెప్పడానికి ఇదే కారణం. కొండల్లో పెంకుల కప్పుల చిన్న చర్చిలు ఉన్నాయి. బయట నుంచి గొడ్లపాకలా కనిపిస్తాయి, లోపల గోడలన్నీ బొమ్మలే. పది చర్చిలకి యునెస్కో గుర్తింపు ఉంది.

ఇసుక బీచ్ కావాలంటే తూర్పున అయా నాపా వైపు వెళ్లాలి. అయితే వేసవిలో ఆ ఊరు కుర్రాళ్లది, రాత్రంతా డీజే. నిద్ర కావాలనుకునే కుటుంబం పక్కనున్న ప్రోటరాస్‌లో దిగడం మంచిది.

ఒక హెచ్చరిక. ఈ ద్వీపం 1974 నుంచి రెండు ముక్కలుగా ఉంది. రాజధాని నికోసియా మధ్యలోనే సరిహద్దు గీత వెళ్తుంది, లెడ్రా వీధిలో పాస్‌పోర్టు చూపించి అవతలికి నడిచి వెళ్లేలా 2008లో దారి తెరిచారు. చవగ్గా ఉందని ఉత్తర భాగంలోని ఎర్జాన్ విమానాశ్రయానికి టికెట్ కొనకండి. అటు నుంచి రావడాన్ని దక్షిణాది ప్రభుత్వం అక్రమ ప్రవేశంగా చూస్తుంది. ఇటు తీసుకున్న అద్దె కారు బీమా కూడా సాధారణంగా అవతల చెల్లదు.

క్రీట్: బీచ్ కోసమే వెళ్తుంటే ఇదే

ఈ నాలుగింటిలో నా ఓటు క్రీట్‌కి. కానీ అందరికీ చెప్పను. పొడవు సుమారు 260 కిలోమీటర్లు, మన హైదరాబాద్ నుంచి విజయవాడకి కాస్త తక్కువ. మధ్యలో 2,400 మీటర్లు దాటిన కొండలు. ఒకే హోటల్లో దిగి అంతా చూసేద్దామనుకుంటే రోజంతా కార్లోనే గడుస్తుంది. మధ్యలో ఉన్న హెరాక్లియాన్ దగ్గర మూడు రాత్రులు, పశ్చిమాన హన్యాలో నాలుగు రాత్రులు ఉంటే ఊపిరాడుతుంది. ఒక ఊరికి విమానంలో వెళ్లి రెండో ఊరి నుంచి తిరిగి రావడం ఇంకా నయం.

ఉత్తర తీరం వెంట ఒకటే పెద్ద రోడ్డు. దాని మీద ఒక వింత అలవాటు ఉంది. నెమ్మదిగా వెళ్లే కారు కుడివైపు అంచు గీత దాటి సగం పక్కకి జరిగి నడుస్తుంది, వెనకవాడు గీత మధ్యలోంచి దూసుకుపోతాడు. మొదటి రోజు నేను జరగలేదు. వెనక ఒక పికప్ బండి నా బంపర్‌కి ముద్దు పెట్టేంత దగ్గరగా ఐదు కిలోమీటర్లు వచ్చింది, బండిలో గొర్రెలు కూడా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. జరిగాక చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

హన్యా నుంచి గంటన్నర కొండదారిలో వెళ్తే ఎలఫొనీసి. గులాబీ ఛాయ ఇసుక, మోకాళ్ల లోతు నీళ్లు చాలా దూరం దాకా. ఐదారేళ్ల పిల్లలకి స్వర్గం. పొద్దున తొమ్మిదిలోపు చేరితే నీడ దొరుకుతుంది. బాలోస్ ఇంకా అందంగా ఉంటుంది గానీ చివరి దారి మట్టి రోడ్డు, అక్కడ టైరు పోతే చాలా అద్దె కంపెనీల బీమా వర్తించదు. కిస్సామోస్ నుంచి పడవలో వెళ్లండి. సమారియా లోయ నడక 16 కిలోమీటర్లు, మే నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. దిగిన చివర ఊరికి రోడ్డు లేదు, పడవ ఎక్కి వేరే ఊరు చేరి బస్సు పట్టుకోవాలి. తిరుమల మెట్లెక్కిన ధైర్యంతో బయల్దేరకండి. అక్కడ పొడవునా దిగుడే, పట్టేసేది మోకాళ్లనే.

చరిత్ర కోసమైతే నోసోస్ అనే పురాతన రాజభవనం శిథిలాలు చాలు. 1900లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ తవ్వకం మొదలుపెట్టిన చోటు ఇది. ఎర్ర స్తంభాలు ఆయన సిమెంటుతో మళ్లీ కట్టించినవి. అసలు గోడచిత్రాలు హెరాక్లియాన్ మ్యూజియంలో ఉన్నాయి, ముందు అది చూసి తర్వాత రాజభవనం చూస్తే కథ అర్థమవుతుంది.

సిసిలీ: కారు లేకపోయినా, తిండి కోసమైనా

తెలంగాణలో నాలుగో వంతుకి కొంచెం తక్కువ. ఒక్క ట్రిప్పులో మొత్తం చూస్తాననేవాళ్లని ఆపడం నా బాధ్యత. పశ్చిమాన పలెర్మో, తూర్పున కటానియా, మధ్యలో సుమారు మూడు గంటల ప్రయాణం. వారమే ఉంటే ఒక వైపు ఎంచుకోండి.

కారు చేజారింది కాబట్టి మేం తూర్పు తీరమంతా రైల్లో తిరిగాం. నిజం చెప్పాలంటే అదే మేలైంది. కటానియా నుంచి సిరక్యూస్ గంటంబావు. ఆర్కిమెడీస్ పుట్టిన ఊరు. దాని పాత భాగం ఒర్తీజియా నడవడానికి సరిపోయేంత చిన్న దీవి. మరోవైపు తావోర్మీనా గంటలోపే, స్టేషన్ సముద్రం పక్కన, ఊరు కొండ మీద, మధ్యలో బస్సు. ఎట్నా అగ్నిపర్వతానికి కటానియా నుంచి బస్సు ఉంది. 1,900 మీటర్ల దగ్గర దిగి కేబుల్ కారులో 2,500 దాకా వెళ్లొచ్చు. కింద చెమట, పైన వణుకు. మే నెలలో కూడా జాకెట్ ఉండాల్సిందే. అప్పుడప్పుడు బూడిద ఎగసి కటానియా విమానాశ్రయం మూసేస్తారు, అందుకని వెనక్కొచ్చే విమానాల మధ్య సమయం మరీ బిగించకండి.

కారు తీసుకునేవాళ్లకి మాట ఒకటి. పాత ఊళ్ల మధ్యలోకి బయటి బండ్లు రాకూడని ప్రాంతాలు ఉంటాయి. కాపలా ఎవరూ ఉండరు, కెమెరా ఉంటుంది. జరిమానా కొన్ని నెలల తర్వాత, ఫొటోలన్నీ ఆల్బమ్‌లో పెట్టేశాక వస్తుంది. బండి ఊరి బయట ఆపి నడిచి వెళ్లండి.

శాకాహారులు ఏం తింటారు

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నాలుగు చోట్లా పస్తులుండరు, కానీ సిసిలీ మనకి చుట్టమే. పలెర్మో వీధుల్లో పనెల్లె అని అమ్ముతారు. శనగపిండిని ఉడికించి పలచగా పరిచి ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు, నిమ్మకాయ పిండి బన్నులో పెట్టిస్తారు. మా అమ్మ ఒకటి తిని, "బజ్జీకి పచ్చిమిర్చి పెట్టడం మరిచిపోయారు" అంది. వంకాయ లేని భోజనం అక్కడ లేదు. నోర్మా పాస్తా, కపొనాతా రెండూ వంకాయవే. అరన్చీనీ అనే వేయించిన అన్నం ఉండల్లో మాత్రం సాధారణంగా మాంసం కూర ఉంటుంది, అడిగి తీసుకోండి.

క్రీట్‌లో ఒక మాట నేర్చుకుంటే చాలు: నిస్తీసిమో. వాళ్ల ఉపవాస రోజుల వంట అని అర్థం. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కాకపోతే వాళ్ల లెక్కలో రొయ్యలు, ఆక్టోపస్ ఉపవాసానికి అడ్డు కాదు, అది కూడా వద్దని చెప్పాలి. ఉడికించిన ఆకుకూర మీద ఆలివ్ నూనె, నిమ్మరసం వేసిచ్చే హోర్తా మన తోటకూర తిన్నట్టే ఉంటుంది. సైప్రస్‌లో లూవి అంటే అలసందలు, ఆకుకూరతో కలిపి వండుతారు. కాల్చిన హలూమి చీజ్ మన పనీర్‌కి ఉప్పెక్కువైన అన్న. మాల్టాలో బఠాణీ ముద్ద పెట్టిన పస్తిత్సి మన కర్రీ పఫ్‌ని గుర్తుచేస్తుంది. పై పొరలో పంది కొవ్వు వాడేవాళ్లూ ఉన్నారు కాబట్టి పట్టింపు ఉంటే కనుక్కోండి. అన్నం, పప్పు లేకపోతే మూడో రోజుకి మొహం మాడ్చుకునే పెద్దలుంటే మాల్టానే నయం, భారతీయ హోటళ్లు, కిరాణా కొట్లు అక్కడ సులువుగా దొరుకుతాయి.

మీ ఇంటికి ఏది

డెబ్బై దగ్గరపడిన అమ్మానాన్నలతో, కారు వద్దనుకుంటే మాల్టా. మెట్లు ఉన్నాయి, కానీ ఏ రోజు అలసిపోతే ఆ రోజు గదిలో ఉండిపోయినా ట్రిప్పు పాడవదు. క్రీట్‌లో ఒక రోజు పోతే మూడొందల కిలోమీటర్ల ప్లాన్ చెదిరిపోతుంది.

చిన్నపిల్లలు, నడపగలిగిన ఒకరు, దసరా సెలవులు ఉంటే క్రీట్ పశ్చిమ భాగం. అదే కుటుంబంలో నడిపే మనిషికి కుడివైపు రోడ్డంటే గుబులుంటే సైప్రస్. బీచ్‌లో రెండు మార్కులు తగ్గినా ఇంట్లో శాంతి ఉంటుంది.

పెళ్లయిన కొత్తలో వెళ్లే జంటలకీ, నలుగురు స్నేహితులకీ సిసిలీ చెప్తాను. ఊరు ఊరికీ రుచి మారుతుంది, రైలు చాలు, తిండి ఖర్చు నాలుగింటిలో తక్కువగా అనిపించింది కూడా ఇక్కడే.

జర్మనీ, నెదర్లాండ్స్‌లో రెసిడెన్స్ పర్మిట్‌తో ఉన్న మనవాళ్లకి వీసా బెడద లేదు, పొడుగు వారాంతం దొరికితే మాల్టాకి ఎగిరిపోవచ్చు. బ్రిటన్, ఐర్లండ్‌లో ఉన్నవాళ్లు మాత్రం అక్కడి పర్మిట్ చూసుకుని ధీమాగా ఉండకూడదు. ఆ రెండూ షెంగెన్‌లో లేవు, విడిగా వీసా తీసుకోవాలి.

ఇంతా చెప్పాక కూడా "మరి ఆ నీలి గోపురం?" అనే గొంతు ఇంట్లో ఒకటి వినిపిస్తుంది. అది సాంటొరిని. 76 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి, గది ధర మాత్రం దీవి కన్నా పెద్దది. దానికోసం వేరే ట్రిప్పు అక్కర్లేదు. వేసవి నెలల్లో హెరాక్లియాన్ రేవు నుంచి వేగంగా వెళ్లే పడవలు రెండు గంటల్లో దింపుతాయి. క్రీట్ ప్లాన్‌లో రెండు రాత్రులు తగ్గించి అక్కడ కలపండి. జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తర గాలి వీస్తుంది, పడవ బాగా ఊగుతుంది. ఎక్కడానికి గంట ముందే వాంతుల మాత్ర వేసుకుని, కింది అంతస్తులో మధ్య సీట్లు చూసుకుని కూర్చోండి. కిటికీ సీటు కోసం పిల్లలు పోట్లాడితే వదిలేయండి. గోపురాలు ఉన్నది ఎత్తైన కొండ అంచున, పడవలోంచి అంత బాగా కనిపించవు.